పదహారు రోజుల బస్తా

ఆగస్టు 3, ఆదివారం

తెల్లవారుజాము నుంచి ముసురు. నీళ్ళ డ్రమ్ము ఖాళీ చేసి, అడుగున పేరుకున్న మడ్డి గీకి కడిగాను. మళ్ళీ నింపలేదు. కుళాయి రేపటిదాకా రాదు.

బోటు నిన్న ఒడ్డుకొచ్చింది. పదమూడు రోజుల ట్రిప్పు. డీజిలు, ఐసు, తిండి సామాను పోగా మిగిలినదాంట్లో బోటు భాగం తీసేసి, తక్కినది పది వాటాలు చేశాను. వాటాకి ఆరువేల నాలుగువందలు. డ్రైవరుకి రెండు, వల లాగే కలాసీలు ఏడుగురికి ఏడు. పదోది అర్జునరావు ఇంటికి. అతను వలతోపాటు సముద్రంలో పడిపోయి ఈ నవంబరుకి రెండేళ్ళు. బోటు మీద మనిషి పోతే, అతని పిల్లల చదువు అయ్యేదాకా ఒక వాటా ఆ ఇంటికి వెళ్ళాలన్నది దొరబాబు తండ్రి పెట్టిన పద్ధతి. పుస్తకంలో దాన్ని ‘ఇంటి వాటా’ అని రాస్తాను. రాసేవాణ్ణి. ఈ ట్రిప్పు నుంచి ‘ఇతరములు’ అని రాయమన్నాడు దొరబాబు. ఆ డబ్బు అతని బల్ల సొరుగులోకి వెళ్తుంది. పద్ధతి పెట్టిన పెద్దాయనే లేనప్పుడు పద్ధతి ఎంతకాలమని నడుస్తుంది. బోటు అతనిది. నేను రాసేవాణ్ణి మాత్రమే.

నా జీతం రెండువేలు పెంచాడు. మా వాడు ఉదయ్‌కి నెలకి ఆరున్నర వేలు పంపుతున్నాను. ఇక నుంచి ఎనిమిదిన్నర పంపొచ్చు. ఫోను చేసి చెప్పాను.

ఖర్చు: బ్లీచింగు 20, టీ 12, పేపరు 7.

ఆగస్టు 4

ఉదయ్ జూలై లెక్క ఫొటో తీసి పంపాడు. గది అద్దెలో వాటా 2000. బియ్యం, సరుకులు 1450. కర్రీ పాయింటు 620. బిర్యానీ మూడుసార్లు 480. ఫోను రీఛార్జి 349. జెరాక్సు 212. శివ పుట్టినరోజు కేకు 150. శివ బండిలో పెట్రోలు 400. టీలు 390. కాలేజీ ఫెస్టు టీషర్టు 450.

కూడితే ఆరువేల ఐదువందల ఒకటి. ఆ ఒక్క రూపాయి ఎక్కడి నుంచి వచ్చిందని మెసేజి పెట్టాను. ‘సాయిగాడిచ్చాడు’ అని జవాబు.

గాజువాకలో ముగ్గురు కుర్రాళ్ళు కలిసి ఒక గది తీసుకున్నారు. ఉదయ్, సాయిశంకర్, శివరామకృష్ణ. కోటవీధిలో మా ఇంటి నుంచి రోజూ బస్సులో కాలేజీకి పోయి రావడం కంటే గదే చవకని నిరుడు ఉదయ్ కాగితం మీద లెక్కేసి చూపించాడు. ఆ లెక్కలో నాకు తప్పు దొరకలేదు. తప్పు దొరకని లెక్క మీద నాకు నమ్మకం తక్కువ.

వాడి బ్యాంకు ఖాతా స్కూల్లో ఉండగా తెరిపించాను. నా నంబరే ఇచ్చాను. వాడు గాజువాకలో పది రూపాయలు స్కాన్ చేస్తే ఇక్కడ రేవులో నా జేబులో ఫోను మోగుతుంది. వాడికి తెలుసు. తెలిసి కూడా నంబరు మార్చమని ఒక్కసారీ అడగలేదు. ఎందుకు అడగలేదో.

ఆగస్టు 6

నిన్న ఏటీఎం నుంచి రెండువేలు తీశాడు. కాగితం నోట్లు. నోటు మీద దుకాణం పేరు ఉండదు.

ఆగస్టు 11

ఎండ. మూడు రోజులుగా ఫోను మోగలేదు. టీ కూడా తాగడం లేదా.

ఆగస్టు 17, ఆదివారం

మబ్బు. సైకిలు చైనుకి నూనె పెట్టాను.

బోటు వచ్చింది. వాటాకి ఐదువేల ఒక వంద. పదోది ఇతరములు.

వేలంపాట అయ్యాక పోతమ్మ ఎదురయింది. అర్జునరావు భార్య. రేవులో చేపలు కొని, బుట్టలో పెట్టుకుని వీధులు తిరుగుతుంది.

“గుమస్తా బాబూ, బోటు వచ్చీసిందంటేటి?”

“వచ్చింది.”

“బాగా పడిందంతన్నారు.”

“అంతంత మాత్రం.”

“అలాగా” అంది. మరేం అడగలేదు. నాలుగు చేపలు కవర్లో వేసి నా చేతిలో పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు. “పుష్పమ్మకి పులుసంటే ఇష్టం కదా. తీసుకెల్లు” అంది.

అడగాల్సిన మనిషి అడక్కుండా చేపలిచ్చిందంటే దానికేదో కారణం ఉండాలి. దారి పొడవునా ఆలోచించాను. పులుసు బాగుంది.

ఖర్చు: చేపలు 0.

ఆగస్టు 18

ఫోను మోగింది. కిరాణా దుకాణం, 1380. గాజువాకలో వాళ్ళు బియ్యం తెచ్చుకునే దుకాణమే, ఇరవై ఆరు కిలోల బస్తా. డబ్బు ముందు ఉదయ్ కట్టి, తర్వాత తక్కినవాళ్ళ దగ్గర తీసుకుంటాడు. పాత మెసేజిలు వెనక్కి తిప్పి చూశాను. జూలై 11న ఒక బస్తా. ఆగస్టు 2న ఒకటి. ఇవాళ మళ్ళీ.

జూలై బస్తా ఇరవై రెండు రోజులు వచ్చింది. ఈ బస్తా పదహారు రోజులు.

బోటుకి బియ్యం తూచి పంపేది నేనే. సముద్రం మీద వల లాగే మనిషికి రోజుకి ఆరువందల గ్రాములు. చదువుకునే కుర్రాడు అంత తినడు. ఇరవై ఆరు కిలోలని ఇరవై రెండు రోజులకి, ముగ్గురికి పంచితే తలకి మూడువందల తొంభై నాలుగు గ్రాములు. అది సరైన తూకం. అదే బస్తాని పదహారు రోజులకి పంచితే తలకి ఐదువందల నలభై. కుర్రాళ్ళు రాత్రికి రాత్రి కలాసీలు కారు.

నలుగురికి పంచి చూశాను. నాలుగువందల ఆరు.

ఆ గదిలో నాలుగో మనిషి ఉన్నాడు.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. జల్లు. పత్రి తెచ్చాను, పుష్ప ఉండ్రాళ్ళు చేసింది. ఉదయ్ పొద్దున్నే వచ్చాడు. చిక్కాడు.

భోజనాల దగ్గర అడిగాను. “గదిలో వండుకుంటన్నారా, బయట తింటన్నారా?”

“వండుకుంటన్నాం నాన్నా.”

“ఎంతమంది?”

“ముగ్గురమే కదా.” చూపు పళ్ళెంలోనే.

“బియ్యం ఎక్కువ లాగుతున్నట్టున్నాది.”

పుష్ప అడ్డొచ్చింది. “ఎదిగిన గుంటలు, తింటారు. మెతుకులు కూడా లెక్కెడతారేటి మీరు?”

మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి బోటు పుస్తకం అటక మీంచి దిగి ఉంది. ఉదయ్ అరుగు మీద కూర్చుని పేజీలు తిప్పుతున్నాడు. వాడికి అది చిన్నప్పటి అలవాటు. కూడికలు ఆ పుస్తకంలోనే నేర్చుకున్నాడు, నేను ఐసు ప్లాంటు గోడ మీద బొగ్గుతో దిమ్మలు లెక్కపెట్టి నేర్చుకున్నట్టు.

“నాన్నా, ఇతరములు అంటే ఏటి?”

“ఇతర ఖర్చులు.”

“ఆరువేల నాలుగొందలూనా?”

“బోటన్నాక సవాలక్ష ఉంటాయి.”

పుస్తకం మూసి, దుమ్ము తుడిచి, ఎక్కడిది అక్కడ పెట్టాడు. రేపు వెళ్ళొచ్చని పుష్ప అంటే వినలేదు. సాయంత్రం బస్సుకే పోయాడు.

పొద్దున వాడు స్నానానికి వెళ్ళినప్పుడు చొక్కా జేబు చూశాను. నలభై రూపాయలు, ఒక జెరాక్సు కాగితం, సగం అయిపోయిన రీఫిల్. ఎలా ఉన్నవి అలా మడిచి పెట్టాను.

సెప్టెంబరు 1

గాలివాన. వాయుగుండం అని బోటు మధ్యలోనే తిరిగి వచ్చేసింది. మనిషికి ఐదువందలు ఇచ్చి పంపాం. వాటాలు లేవు. ఈ ట్రిప్పు లెక్కలోకి రాదు.

ఉదయ్ ఆగస్టు లెక్క. అద్దె 2000. బియ్యం, సరుకులు 2240. రీఛార్జి 349. జెరాక్సు 340. టీలు 60. బస్సు 111. పరీక్ష ఫీజు 1400. బిర్యానీ లేదు. కేకు లేదు. పెట్రోలు లేదు. కర్రీ పాయింటు లేదు. చివర్న ‘ఇతరములు 2000’. సరిగ్గా నేను పెంచినంత.

పంతొమ్మిదేళ్ళ కుర్రాడి ఖర్చు పెరిగితే అర్థం చేసుకోవచ్చు. తగ్గితేనే అనుమానం. నెల మొదట్లో బిర్యానీ, నెలాఖర్న ఆవకాయ అన్నది వాళ్ళ వయసు లెక్క. మొదటి తారీకు నుంచే ఆవకాయ తింటున్నారంటే డబ్బు ఇంకెక్కడికో పోతోంది.

‘ఇతరములు’ అని రాసేవాడు ఏదో దాస్తున్నాడని అర్థం. ముప్పై ఏళ్ళుగా పుస్తకాలు రాస్తున్నాను, నాకు తెలియదా.

ఫోను చేశాను. “ఇతరములు ఏటి?”

“ఇతర ఖర్చులు నాన్నా” అన్నాడు. ఆ మాట ఎక్కడో విన్నట్టుంది.

సెప్టెంబరు 3

బస్తా. పదహారు రోజులు.

సెప్టెంబరు 9

ఉక్క. దీపాల గాజులు తుడిచాను.

పేపర్లో రోజూ ఏదో ఒకటి. గంజాయితో పట్టుబడిన విద్యార్థులు. ఫోనులో పందేలు కాసి అప్పులపాలైన కుర్రాళ్ళు. ఆ వార్తలు కత్తిరించి డైరీలో పెడుతున్నాను. పుష్ప చూసింది.

“ఎందుకివి?”

“ఊరికే.”

“మీ కొడుకుని మీరు నమ్మరా?”

“నమ్ముతాను. నమ్మబట్టే లెక్క అడుగుతున్నాను.”

“నమ్మినోల్లు లెక్కడగరు. అడిగినోల్లు నమ్మరు. రెండూ మీరొక్కరే ఎలా సేత్తారు?” అని లోపలికి పోయింది. పుష్పకి ఏదో తెలుసు. తల్లీ కొడుకులు ఫోనులో చాలాసేపు మాట్లాడుకుంటున్నారు. నేను గదిలోకి వెళ్తే కూరల గురించి మాట్లాడతారు.

సెప్టెంబరు 15

బోటు వచ్చింది. మంచి ట్రిప్పు, వాటాకి ఏడువేలు. ఇతరములు 7000.

పోతమ్మ రేవులో ఉంది. చేపలివ్వలేదు.

సెప్టెంబరు 21, ఆదివారం

పొడి ఎండ. చెప్పకుండా గాజువాక వెళ్ళాను.

గది సిమెంటు దుకాణం మీద. మెట్లెక్కేసరికి సాయిశంకర్ చేతిలో గరిటెతో తలుపు తీశాడు. నన్ను చూసి వెనక్కి తిరిగి, “ఒరే ఉదయ్, మీ నాన్నగారొచ్చారు. ఆడిట్ రా” అన్నాడు. తర్వాత నాతో, “రండంకుల్. లెక్కలు రెడీగానే ఉన్నాయి. అన్నమే ఇంకా అవలేదు.”

ఉదయ్ బాత్రూములో బట్టలు ఉతుకుతున్నాడు. శివ ఊరెళ్ళాడట. నేను చాప మీద కూర్చుని చూశాను. పళ్ళేలు నాలుగు. గ్లాసులు నాలుగు. తీగ మీద తువ్వాళ్ళు నాలుగు. మూల బియ్యం బస్తా, మొన్న కొన్నది, పంతొమ్మిదో తారీకు. సాయి అటు తిరిగినప్పుడు చేత్తో లేపి చూశాను. ఇరవై రెండున్నర ఉంటుంది. నలుగురి తిండే.

గోడకి పాత క్యాలెండరు తిరగేసి కట్టారు. దాని వెనక స్కెచ్ పెన్నుతో నెల బడ్జెట్. పైన షరతులు. బిర్యానీ సెమిస్టర్ అయ్యాకే. పుట్టినరోజుకి కేకు లేదు, టీ ఇప్పించాలి. బండి వానొస్తే తప్ప ముట్టుకోకూడదు. ఎవరైనా మూడో టీ తాగితే గిన్నెలు తోమాలి. కింద గళ్ళు. ఉదయ్, సాయి, శివ. నాలుగో గడిలో పేరు లేదు. ‘ఇంటి వాటా’ అని ఉంది. దానికి ఎదురుగా, ఉదయ్ 2000, సాయి 500, శివ 500.

“ఇదేటి?” అన్నాను.

“అది ఉదయ్‌గాడి సిస్టమ్ అంకుల్” అన్నాడు సాయి, గరిటెతో చూపిస్తూ. “బోట్లలో అలాగే సేత్తారట కదా. మీకు తెలీదేటి?”

ఉదయ్ వచ్చి నిలబడ్డాడు. చేతిలో తడి చొక్కా, నీళ్ళు కారుతున్నాయి.

“ఎవరిదిరా ఈ వాటా?”

“ఫ్రెండొకడు నాన్నా. ఇయ్యాల లేడు. ఫంక్షన్ హాల్లో వడ్డనకెల్లాడు.”

“పేరు లేదా?”

“ఉన్నాది.”

చెప్పలేదు. నేనూ మళ్ళీ అడగలేదు. బస్సుకి ఆలస్యమవుతోందని లేచాను. అన్నం తిని వెళ్ళమన్నాడు సాయి. స్టాపులో నలభై నిమిషాలు నిలబడ్డాక బస్సు వచ్చింది.

ఆ మాట బోటుది. గాజువాకలో ఒక గది గోడ మీద ఎందుకుందో నాకు తెలియదు.

ఖర్చు: బస్సు 60.

సెప్టెంబరు 22

ఎవరైతే ఏం. ఎవరో ఊరికే తింటున్నారు, నా కష్టం. ఉదయ్‌కి మెసేజి పెట్టాను. ఆ నాలుగో వాడి పేరు చెబితేనే ఒకటో తారీకు డబ్బు పంపుతాను. చెప్పకపోతే గది ఖాళీ చేసి ఇంటికొచ్చేయాలి, రోజూ బస్సులో పోవాలి.

‘సరే నాన్నా’ అని జవాబు. సరే అంటే దేనికి సరే.

సెప్టెంబరు 23

అడిగితే అప్పుడే పేరు చెప్పేవాడేమో. నేనెందుకు లేచి వచ్చేశాను. బస్సుకి ఆలస్యమై.

సెప్టెంబరు 28, ఆదివారం

వాన పడి ఆగింది. బోటు వచ్చింది. వాటాకి ఐదువేల తొమ్మిదివందలు. పదో వాటా దగ్గర పెన్ను రాయలేదు. రీఫిల్ మార్చాను. రాశాను.

కలాసీలు దిగుతుంటే పోతమ్మ ఐసు పెట్టెల పక్కన నిలబడి చూస్తోంది, తలలు లెక్కపెడుతున్నట్టు. నన్ను చూసి నవ్వింది. ఎందుకు నవ్వింది. ఎవరైనా చెప్పారా. పుస్తకం నేనూ దొరబాబూ తప్ప ఎవరూ చూడరు. ఉదయ్ చూశాడు.

అక్టోబరు 1

డబ్బు పంపలేదు. ఫోను మోగలేదు.

అక్టోబరు 2, గురువారం

దసరా. తెరిపి. పుష్ప కత్తిపీటకీ, సైకిలుకీ, బోటు పుస్తకానికీ పసుపు కుంకుమ పెట్టింది. పెన్నుకి కూడా.

పదకొండింటికి ఉదయ్ వచ్చాడు. చెప్పులు విప్పలేదు.

“పేరు సెప్పడానికొచ్చాను” అన్నాడు. “సన్నీ.”

“ఏ సన్నీ?”

“నీకెంతమంది సన్నీలు తెలుసు నాన్నా? అర్జునరావు మావ కొడుకు.”

పుష్ప వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆమెకి ముందే తెలుసు. నన్ను చూడకుండా గోడ చూస్తోంది.

“ఆగస్టులో ఫీజు కట్టలేదని హాస్టలోల్లు వాడి పెట్టె బయటెట్టేసినారు. నాను గదికి తీసుకొచ్చీసినాను. వాడేటన్నాడో తెలుసా? బోటుకి నష్టమొచ్చినట్టున్నాదిరా, అందికే వాటా ఆగిపోనాది, పాపం మీ నాన్నకి జీతం అందతన్నాదో నేదో అన్నాడు.”

పుస్తకం మీద రాలిన కుంకుమ దులిపాను.

“సవితి పండక్కొచ్చినప్పుడు పుస్తకం సూసినాను. నష్టం ఎక్కడా నేదు.”

“దొరబాబు రాయమన్నాడు.”

“రాత నీది కదా.” వాడి గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. “వాటా ఆగస్టులో ఆగిపోనాది. నీ జీతం ఆగస్టులో పెరిగింది. నాకు రెండేలు ఎక్కువొచ్చినాయి. కూడికలు నువ్వు నేర్పినవే. అవి నాకు తినబుద్ధి కాలేదు, వాడి ఫీజుకిచ్చీసినాం. బోటులో రాయకపోతే గదిలో రాసుకున్నాం. అంతే. దానికి లెక్కడిగితే ఏటని సెప్పమంటావ్?”

“ముందే ఎందుకు చెప్పలేదు?”

“సెప్తే, మా నాన్న ఇలాగ సేసినాడు అని సాయికీ శివకీ కూడా సెప్పాలి. వాడికి సెప్పాలి.”

ఫోను బయటికి తీసి, “ఈ నెల డబ్బు ఇప్పుడే పంపుతాను” అన్నాను.

“వద్దు నాన్నా. ఆదివారాలు నానూ వడ్డనకెల్తాను. సరిపోతే సరే. నేకపోతే ఈ సెమ్ రాసీసి కాలేజీ మానీసి ఏదో పని సూసుకుంటాను. నువ్వు పంపితే అది ఎవలదో లెక్కేసుకోవాలి మళ్ళీ.”

భోజనానికి కూర్చోలేదు. వెళ్తూ వెళ్తూ, “అమ్మా, బూరెలు కట్టు. నలుగురికి” అన్నాడు.

ఖర్చు రాయలేదు. ఏం ఖర్చయిందో గుర్తులేదు.

అక్టోబరు 4, శనివారం

ఆగస్టు 3న రాసినదాంట్లో తప్పుంది. సరిచేస్తున్నాను.

దొరబాబు ఆ రోజు అన్నది, ‘డీజిలు పెరిగిపోనాది బాబాయ్, ఎక్కడైనా తగ్గించే దారి ఉంటే సూడు’ అని. అంతే. అర్జునరావు వాటా మీద వేలు పెట్టి చూపించింది నేను. ‘ఇతరములు’ అన్న పేరు కూడా నేనే పెట్టాను. ఇది ఎక్కడా రాసుకోలేదు. రాసుకోకపోతే నాకూ తెలియదనుకున్నాను.

ఇవాళ దొరబాబు ఆఫీసుకి వెళ్ళాను. అతను ఫోనులో క్రికెట్ చూస్తున్నాడు.

“పెంచిన రెండువేలు తీసేయండి” అన్నాను. “అర్జునరావు వాటా మళ్ళీ రాస్తాను.”

“ఏటి బాబాయ్, దసరాకి మతి పోయిందేటి? ఆ వాటా తీసీమన్నది నువ్వే. పేరు మార్చిందీ నువ్వే. నాకు ఆలోచనే నేదు.”

“అవును.”

“రేపొద్దున మళ్ళీ తీసీమంటావా?”

“అనను.”

అతను నా మొహం చూసి ఫోను పక్కన పెట్టాడు. “మా నాయన పెట్టిన వాటా ఆపీసినప్పట్నుంచీ నాకు బాధగానే ఉండీది, నిజం సెప్తన్నాను. నువ్వు పెద్దోడివి, నువ్వే అన్నాక నాకేటని ఊరుకున్నాను. వచ్చీ ట్రిప్పు నుంచి రాసీ. అయిపోయినవి మాత్రం నన్నడక్కు, డబ్బు ఇంజను బాగుకి పెట్టీసినాను.”

అతన్ని అడగలేదు. పోస్టాఫీసులో దాచుకున్నదాంట్లోంచి పాతికవేలు తీశాను. నాలుగు ట్రిప్పులకి ఇరవైనాలుగువేల నాలుగువందలు. రెండుసార్లు కూడాను.

అక్టోబరు 5, ఆదివారం

ఎండ. రేవు దగ్గర పోతమ్మ ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు వల ముక్క పరిచి ఎండు చేపలు తిరగేస్తోంది. కవరు చేతికిచ్చాను.

“వాటా డబ్బు. ఆగిపోయినది. లెక్కపెట్టుకో.”

చేతులు చీరకి తుడుచుకుని లెక్కపెట్టింది. తొందరపడలేదు.

“ఎన్ని ట్రిప్పులకి బాబూ ఇది?”

“నాలుగు.”

“ఐదు.”

“నాలుగే పోతమ్మా. పుస్తకంలో ఉంది.”

“నీ పుస్తకం నాకు తెల్దు. నాను రేవులోనే కూకుంటాను. బోటు ఎల్లిన రోజు, వచ్చిన రోజు నాకు తెల్దేటి? వాయుగుండానికి తిరిగొచ్చీసిన ట్రిప్పొకటున్నాది. మనిసికి ఐదొందలిచ్చినారు.”

“అది లెక్కలోకి...”

“ఐదొందలు డబ్బు కాదేటి?”

జేబులో ఆరువందలున్నాయి. ఐదువందలు ఇచ్చాను. కవర్లో పెట్టుకుంది.

“తెలిసి కూడా ఇన్నాళ్ళూ ఎందుకడగలేదు?” అన్నాను.

“అడిగితే ఏదో ఒకటి సెప్తావు. సదువుకున్నోడివి.” ఒక చేపని తిప్పి వేసింది. “అడక్కుంటే ఎన్నాల్లకి రాత్తావో అనీసి సూసినాను.”

వాటా ఎవరు ఆపారో సన్నీకి తెలుసా అని అడగబోయాను. “గుంటడికి బోటు నష్టమనే సెప్పినాను” అంది, నేను అడక్కుండానే. “అలాగే ఉండనీ. మీ ఉదయ్‌తో తిరగతన్నాడు. తిరగనీ.”

లేస్తుంటే నాలుగు చేపలు కవర్లో వేసి ఇచ్చింది. ఈసారి ఎనభై అడిగింది. ఇచ్చాను.

ఖర్చు: చేపలు 80.

అక్టోబరు 6, సోమవారం

పొద్దున్నుంచి చినుకులు. గొడుగు కమ్మీ ఊడిపోతే తీగతో కట్టాను.

పంతొమ్మిదిన కొన్న బస్తా మొన్నటితో అయిపోయి ఉండాలి. నిన్న పోతమ్మ ఇంటి నుంచి వచ్చాక ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. మోగలేదు. ఇవాళ మధ్యాహ్నం దాకా మోగలేదు. బియ్యం కొనలేదంటే కొనడానికి లేదన్నమాట. నాలుగువందల ఆరు గ్రాములు నలుగురికి, ఒక రోజున్నర లోటు.

డబ్బు పంపితే తిప్పి పంపుతాడు. బియ్యం తిప్పి పంపడం కష్టం. రెండో అంతస్తు నుంచి కిందికి మోయాలి.

మూలమీద దుకాణంలో ఇరవై ఆరు కిలోలది తీసుకున్నాను. బ్యాంకులో కాగితం ఒకటి అడిగి తెచ్చాను. ఉదయ్ ఖాతాకి నా నంబరు తీసేసి వాడి నంబరే పెట్టడానికి. నేను సంతకం చేశాను, వాడిది కావాలి. ఇక వాడు ఎక్కడ టీ తాగిందీ నాకు తెలియదు. కొన్నాళ్ళు చెయ్యి జేబు మీదికి పోతుందేమో.

సన్నీ గదిలో ఉంటే ఏం మాట్లాడాలి. బోటుకి నష్టం వచ్చిందా అని అడుగుతాడు. వాళ్ళమ్మ అలాగే ఉండనీ అంది. ఉదయ్ నా మొహం చూస్తూ ఉంటాడు. రాలేదు, అని చెప్పాలి. నష్టం రాలేదు, నేను రాయలేదు, అని. మెట్లెక్కేలోపు ఈ మాట నోటికి రావాలి.

పుష్ప గుమ్మంలోంచి పిలుస్తోంది, ఆటో వచ్చిందట. బస్తా ఒక్కణ్ణీ ఎత్తొద్దంటోంది. ఆటోవాడు గాజువాకకి ఎంతంటాడో ముందే అడిగి

ఖర్చు: బియ్యం 1420, తాడు 15, ఆటో